ఒక్క పేరు తీసేయబోతే...

రాత్రి తొమ్మిదింటికి పోయిన కరెంటు పావుగంటలో వచ్చేసింది. నెట్ మాత్రం రాలేదు. కోనసీమలోని ఆ ఊళ్లో రెండొందల ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే కుర్రాడి ఫోను మోగడం మొదలుపెట్టింది. ''బాబూ, మనవరాలి ఇంజినీరింగ్ వెబ్ ఆప్షన్లకు ఈ రాత్రే ఆఖరు. ఏదో ఒకటి చెయ్యి నాయనా'' అన్నారు గుడి వీధిలోని రిటైరైన మాస్టారు. ''అరగంట ఆగండి మాస్టారూ'' అన్నాడు గానీ, ఎందుకు పోయిందో అతనికీ తెలీదు.

రౌటర్ తెరిచి చూస్తే గుండె గుభేల్‌మంది. కస్టమర్ల జాబితా ఖాళీ!

అది లాత్వియా దేశపు మైక్రోటిక్ రౌటర్. పేర్లు చేర్చడానికీ తీసేయడానికీ అందులో చిన్న స్క్రిప్టులు రాసుకోవచ్చు. ఆ సాయంత్రం అతను రాసిందీ అలాంటిదే. ఊరొదిలి వెళ్లిన ఒకే ఒక్క ఇంటిని తీసేయాలి. ఆ ఇంటి యూజర్ పేరును 'నేమ్' అనే వేరియబుల్‌లో పెట్టి, 'నేమ్ దీనికి సమానమైతే తీసెయ్' అన్నాడు. చిక్కేమిటంటే, జాబితాలో పేరు గడికి రౌటర్ పెట్టుకున్న పేరూ 'నేమే'. తాత పేరే మనవడికి పెట్టిన ఇంట్లో పేరుపెట్టి పిలిస్తే తాతే ముందు పలికినట్టు, రౌటర్ తన 'నేమ్'నే తీసుకుంది. ప్రతి పేరునూ దానితోనే పోల్చి చూసుకుంది. ఎవరి పేరు వాళ్ల పేరుకు సమానం కాకుండా ఉంటుందా! అందరినీ తుడిచేసింది. అప్పటికే కనెక్టయి ఉన్నవాళ్లకు నెట్ నడుస్తూనే ఉంది కాబట్టి, కరెంటు పోయి ఇళ్లలో పెట్టెలు ఆగి మళ్లీ లేచేదాకా సంగతి బయటపడలేదు. ఇలాంటి పేర్లు వాడొద్దని కంపెనీ మాన్యువల్‌లో రాసే ఉంది. ముందుగా చదివేదెవరు?

ఆదివారం తీసిన బ్యాకప్ ఆదుకుంది. ఊరంతటికీ నెట్ వచ్చింది, మాస్టారికి తప్ప. ఆయన మేడమీది వాటాకు కనెక్షన్ ఇచ్చింది సోమవారం మరి! కింది వాటా 'గుడి-14', పైది 'గుడి-14బి'. 'ఇల్లు' అనే వేరియబుల్‌లో 14 ఉంచి, కొటేషన్ల మధ్యే డాలర్ గుర్తు, ఇల్లు, బి అన్నీ కలిపి రాశాడు. లాగిన్ కాలేదు. మళ్లీ చేశాడు, ఊహూఁ. టైము పదిన్నర.

చివరికి 'పుట్' ఆదేశంతో ఆ పేరును తెరమీదికి రప్పించాడు. 'గుడి-' అని మాత్రమే ఉంది! అంటించి రాసేసరికి వేరియబుల్ పేరు 'ఇల్లుబి' అనుకుంది రౌటర్. అలాంటిది లేదు కాబట్టి అక్కడ ఖాళీ వదిలేసింది. తప్పని ఒక్క ముక్కైనా చెప్పదే! 'గుడి-'ని, ఇల్లును, 'బి'ని విడదీసి, మధ్యలో చుక్కలు పెట్టి, మొత్తానికి బ్రాకెట్లు వేశాడు.

''వచ్చింది బాబూ, అమ్మాయి నింపుతోంది'' అని మాస్టారు ఫోన్ చేసేసరికి పదకొండు దాటింది.

అతనింకా లేవలేదు. సాయంత్రపు స్క్రిప్టు తెరిచి 'నేమ్' అన్న వేరియబుల్‌కు 'పోయేవాడు' అని పేరు మార్చాడు. 'తీసెయ్' అన్నచోట ముందు 'ప్రింట్' పెట్టి నడిపాడు. తెరమీద ఒక్క పేరే వచ్చింది.