ట్యాంకు మీది సంచి

బైకు ట్యాంకు మీద సంచి పెట్టుకోవడం మనకేం కొత్త కాదు. నా చిన్నప్పుడు కరీంనగర్లో రాజ్‌దూత్, బుల్లెట్ నడిపే సార్లు చాలామందికి రెగ్జిన్ ట్యాంకు కవర్లుండేవి. పక్కలకు రెండు జేబులు, పైన ఒకటి, దానికి ప్రెస్ బటన్. ఎల్లైసీ ఏజెంటయితే రసీదు పుస్తకం, టీచరయితే జవాబు పత్రాల కట్ట, ఇంకెవరైనా అయితే ఇంటికి తీసుకుపోయే పావుకిలో మిక్చర్ పొట్లం. సీటు కవర్లు కుట్టే షాపుకే బండి పట్టుకెళ్తే కొలత చూసి కుట్టిచ్చేవాడు. వానాకాలం ఆ కవరు కింద నీళ్లు నిలిచి ట్యాంకు తుప్పు పట్టేది.. అది వేరే సంగతి.

ఇప్పుడదే సంచి ట్యాంక్ బ్యాగ్ అనే పేరుతో, మాగ్నెట్లతో, వాటర్‌ప్రూఫ్ జిప్పులతో మళ్లీ వచ్చింది. ఆఫీసులో ఎవరైనా కొత్తగా బైకు కొంటే లంచ్ టేబుల్ దగ్గర నన్నడిగే మొదటి ప్రశ్న "ఎన్ని లీటర్లది తీసుకోమంటావ్?" అని. ల్యాప్‌టాప్‌కి ర్యామ్ అడిగినట్టు! ఎంత ఎక్కువైతే అంత మంచిదని మనవాళ్ల లెక్క. నేను మాత్రం తిరిగి ఇంకో ప్రశ్న వేస్తాను. బండి మీద కూర్చుని, ఒక కాలు నేల మీద ఆనించి, గ్లవ్స్ తియ్యకుండా, ఒక్క చేత్తో నీకు అందాల్సిన వస్తువేంటి?

నావరకైతే ఆ వస్తువు గ్లూకోజ్.

నాకు షుగరుంది. ఆరేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నాను. ఐటీలో ఈ మాట చెప్తే ఇప్పుడెవరూ అయ్యో అనట్లేదు లెండి, మా టీములోనే ముగ్గురం ఉన్నాం. వారమంతా మియాపూర్ నుంచి గచ్చిబౌలికి బండి మీదే. నెలకోసారి రాజీవ్ రహదారి మీద కరీంనగర్, అమ్మానాన్నల దగ్గరికి, 160 కిలోమీటర్ల పైచిలుకు. ఏడాదికి రెండు మూడుసార్లు అక్కణ్ణుంచి ఇంకా పైకి, ఉట్నూరులో ఉండే అక్కావాళ్లింటికి. జగిత్యాల, ధర్మపురి, రాయపట్నం దగ్గర గోదావరి దాటి లక్షెట్టిపేట, అక్కణ్ణుంచి జన్నారం, ఆ తర్వాత అడవి. 2012లో ప్రకటించిన కవ్వాల్ పులుల అభయారణ్యం ఇదే. నా టూరింగంతా ఇంతే. లదాఖ్ వెళ్లే ఉద్దేశం ఇప్పటికైతే లేదు :)

2022 వానాకాలంలో జన్నారం దాటాక ఆ అడవిలో నా షుగర్ పడిపోయింది. తిందామనుకున్న హోటలు ఆ రోజు మూసేసి ఉంది, ఉట్నూరు ఎంతోదూరం లేదు కదా అని వెళ్తున్నాను. ముందు చిరాకు మొదలైంది. ఎదురుగా మెల్లగా వస్తున్న ఆటో మీద కూడా కోపం! తర్వాత వానలో చెమట. ఆ తర్వాత క్లచ్ మీద వేళ్లు వణకడం. అనుభవం ఉన్నవాళ్లకి ఇదేంటో చెప్పక్కర్లేదు. బండి పక్కకి ఆపాను. గ్లూకోజ్ ఉంది, కానీ వెనక సీటు మీది సంచిలో ఉంది. సంచి మీద రెయిన్ కవరు, దాని మీద హుక్కుల వల. వేళ్లు వణుకుతుంటే ఆ హుక్కు ఊడి రాదు. తడిసిన గ్లవ్ చేతికి అతుక్కుపోయి అదీ రాదు. మేకలు తోలుకెళ్తున్న ఒకాయన నిలబడి చూసి, "ఏమైంది సారూ, గిట్లయితున్నవ్" అని వచ్చి తనే హుక్కులు ఊడదీశాడు. మొత్తం మూణ్నాలుగు నిమిషాలు పట్టి ఉంటుందేమో. నాకైతే ఒక స్ప్రింటంత పొడుగనిపించింది. పదిహేను నిమిషాలు కల్వర్టు మీద కూర్చున్నాక గానీ మనిషిని కాలేదు. ఆయనా అంతసేపూ కూర్చున్నాడు పాపం, మేకలు అటూ ఇటూ పోతున్నా సరే.

డాక్టర్లు చెప్పే పద్ధతి సులువే. 70 కంటే కింద పడితే 15 గ్రాముల గ్లూకోజో చక్కెరో తీసుకోవాలి, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. చాక్లెట్ పనికిరాదు, అందులో కొవ్వు ఉంటుంది కాబట్టి చక్కెర ఒంటికి అందడం ఆలస్యమవుతుంది (పైగా మే నెలలో ట్యాంకు మీద చాక్లెట్ పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు). ఈ పద్ధతిలో కష్టమల్లా ఆ 15 గ్రాములు నోట్లోకి చేరేదాకానే.

కాబట్టి నేను సంచి కొనేటప్పుడు షాపులో చేసిన పని కళ్లు మూసుకుని, గ్లవ్ వేసుకుని, ఎడం చేత్తో పై జేబు జిప్పు లాగి చూడటం. ఎడం చెయ్యే ఎందుకంటే కుడిచెయ్యి ముందు బ్రేకు మీద ఉండాలి. షాపతను నన్ను ఎగాదిగా చూశాడు, చూడనీ. చూసిన ఆరింటిలో నాలుగు అక్కడే పోయాయి. వాటర్‌ప్రూఫ్ జిప్పులు చూడ్డానికి బాగుంటాయి కానీ రెండు చేతులూ కావాలి, ఒకటి పట్టుకోడానికి, ఒకటి లాగడానికి. కొన్నవాడికి కూడా జిప్పు కొసకి మందపాటి నాడా ముక్క ముడేసుకున్నాను, వేలు దూరేంత. రెయిన్ కవరు గొడవ ఇంకోటి. కవరు తొడిగితే పై జేబు దాని కిందకి పోతుంది. అంటే వాన పడ్డప్పుడు మళ్లీ కథ మొదటికి. అందుకని వానలో గ్లూకోజ్ ప్యాకెట్టు జిప్ కవర్లో పెట్టి, సంచి పక్కనుండే చిన్న వల జేబులోకి మారుస్తాను. తడిస్తే కవరు తడుస్తుంది, లోపలున్నది తడవదు.

ఇక లీటర్లు. నాది ఆరేడు లీటర్లుంటుంది. ఇంతకంటే పెద్దది కొనాలంటే ముందు హ్యాండిల్ని రెండు పక్కలకీ చివరిదాకా తిప్పి చూడాలి. పదిహేను ఇరవై లీటర్ల సంచి నిండుగా ఉంటే హ్యాండిల్ పూర్తిగా తిరగదు, లేదా సంచి అంచు వెళ్లి హారన్ బటన్ నొక్కుతుంది. హైవే మీద ఇది తెలియదు. హ్యాండిల్ చివరిదాకా తిప్పేది యూటర్న్‌లో, పార్కింగులో, ఇసుకలో. కొత్తగూడ ట్రాఫిక్‌లో యూటర్న్ తీసుకుంటూ ఆపకుండా హారన్ కొట్టుకుంటూ తిరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. "ల్యాప్‌టాప్ పడుతుందా" అని అడిగేవాళ్లకి నా జవాబు, పట్టినా పెట్టొద్దనే. దాని స్థానం వెనక సీటు మీద. గట్టి వస్తువులు, పానాలు, తాళం గొలుసు లాంటివి కూడా ముందు వద్దు. గట్టిగా బ్రేకు పడితే మన ఒళ్లు ముందుకి జారి ఆగేది ఆ సంచి మీదే. అక్కడ మెత్తనివే ఉండాలి.. ఎందుకో మగవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు.

మాగ్నెట్టా, బెల్టులా అన్నది అందరూ వాదించుకునే విషయం. రైనాక్స్, వయాటెర్రా లాంటి మనదేశపు కంపెనీలు రెండు రకాలూ చేశాయి. గివి, ఎస్‌డబ్ల్యూ మోటెక్ వాళ్లవి మూడో రకం, పెట్రోలు మూత చుట్టూ ఒక రింగు బిగించి దాని మీద సంచిని టక్కున కూర్చోబెట్టేవి. సౌకర్యంగానే ఉంటాయి, ధర చూస్తేనే మనసు వెనక్కి లాగుతుంది. మాగ్నెట్ కొనే ముందు ఇంట్లో ఫ్రిజ్ మీది బొమ్మ మాగ్నెట్ తీసుకెళ్లి ట్యాంకుకి అంటుకుంటుందో లేదో చూసుకోండి. స్ప్లెండర్, బుల్లెట్ లాంటివైతే ఇనుప రేకు కాబట్టి అతుక్కుంటుంది. ఇప్పటి బళ్లలో చాలావాటికి పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటోంది, దానికి మాగ్నెట్ ఏం చేస్తుంది!

సిటీలో మాగ్నెట్ బ్రహ్మాండంగా ఉంటుంది. ఆఫీసుకి రాగానే పీక్కుని భుజాన వేసుకుని లిఫ్టెక్కెయ్యొచ్చు, బంకులో కూడా ఒక్క క్షణం పని. చిక్కంతా మా ఊరి రోడ్డుతో. రాజీవ్ రహదారి మీద ఇసుక లారీలు, కరీంనగర్ చుట్టూ గ్రానైట్ లారీలు. వాటి వెనక పది కిలోమీటర్లు పోతే ట్యాంకు మీద దుమ్ము వేలితో రాయొచ్చు. చిన్నప్పుడు మానేరు ఇసుకలో అయస్కాంతం తిప్పి నల్లటి రవ్వలు పోగేసుకునేవాళ్లం, గుర్తుందా? పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతం అయితే మరీ మజా. కాగితం మీద పోసి కింద నుంచి అయస్కాంతం ఆడిస్తే మీసాల్లా లేచి నిలబడేవి. ఆ రవ్వలు ఇనుప ఖనిజమే. ఉత్తర తెలంగాణ నేలలో అది బోలెడు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో దాంతోనే మూసల్లో ఉక్కు తీసేవాళ్లు, డమాస్కస్ కత్తుల కోసం దాన్ని పర్షియా వ్యాపారులు ఇక్కడిదాకా వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. 19వ శతాబ్దం మొదట్లో ఈ వైపు తిరిగిన వాయిసీ అనే సర్వే అధికారి దాన్ని చూసి రాసిపెట్టాడు. అంతటి చరిత్ర ఉన్న రవ్వలు ఇప్పుడు నా సంచి మాగ్నెట్ కిందికి చేరి ట్యాంకు పెయింటు మీద గీతలు గీస్తాయన్నమాట! కత్తిచేసే ఉక్కు తాలూకు వంశం కదా, ఊరికే ఉంటుందా.

అందుకే నేను బెల్టులవైపు మొగ్గాను. అడుగున ఒక పల్చటి పీఠం, ముందు హ్యాండిల్ మెడ దగ్గర ఒక బెల్టు, వెనక సీటు కింద ఫ్రేముకి రెండు. సంచి ఆ పీఠానికి జిప్పుతో తగులుకుంటుంది. పీఠం కింద కూడా దుమ్ము చేరుతుంది, కాదనను. అయితే బెల్టు బిగువుగా ఉంటే సంచి కదలదు, కదలకపోతే గియ్యదు. వారానికోసారి తీసి తడిగుడ్డతో తుడుస్తాను. బంకులో జిప్పు సగం తీసి సంచిని వెనక్కి వాలిస్తే మూత కనపడుతుంది. బంకు కుర్రాడు విసుక్కుంటాడు, అందుకే వరుసలో ఉండగానే తీసి పెట్టుకుంటాను.

ఫోను గురించి ఒక ముక్క. సంచి పైన ఉండే పారదర్శకపు జేబు ఒకప్పుడు కాగితం మ్యాపు కోసం పెట్టింది. ఇప్పుడు అందులో ఫోను పెట్టుకోమంటున్నారు. హ్యాండిల్ మీద బిగిస్తే ఇంజిన్ అదురుకి కెమెరా పాడవచ్చని 2021లో ఆపిల్ వాళ్లే చెప్పారు కాబట్టి ఆ లెక్కన సంచి నయం. కానీ ఎండలో ఆ ప్లాస్టిక్ కింద ఫోను పెనం మీది అట్టులా కాలి ఆగిపోతుంది. పైగా మాగ్నెట్ సంచైతే ఫోన్లోని దిక్సూచి తికమకపడి మ్యాపులో మనం అటు తిరిగి ఉన్నట్టు చూపిస్తుంది. జగిత్యాల దారికి నాకు మ్యాపెందుకు? ఇయర్‌ఫోన్లో సిటీ మలుపులు చెప్తే చాలు. ఆర్సీ, లైసెన్సు కాగితాలు కూడా 2016లో ఆర్టీయే ఎం-వ్యాలెట్ వచ్చాక ఫోన్లోకే వెళ్లిపోయాయి. సంచిలో ఆ చోటు కూడా మిగిలింది.

అందరికీ చెప్పాలనుకున్నది ఇంకోటుంది. గ్లూకోజ్ ఉండాల్సింది ట్యాంకు మీదైతే, ఇన్సులిన్ ఉండకూడనిది కూడా అక్కడే. మాలాంటి వాళ్లు "మందులన్నీ ఒకచోట" అని ఒకే పౌచ్‌లో పెట్టుకుంటారు, నాకు తెలిసిన ఇద్దరు అలాగే చేస్తారు. కింద ఇంజిన్ సెగ, పైన ఎండ, మధ్యలో నల్ల గుడ్డ సంచి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. వాడుతున్న పెన్ను బయట పెట్టుకోవచ్చు గానీ 30 డిగ్రీలు దాటొద్దంటారు. మే నెలలో రామగుండంలో, ఆదిలాబాద్‌లో నీడలోనే 45 చూస్తుంటాం. పాడైన ఇన్సులిన్ చాలాసార్లు చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. ఇంటికెళ్లి వేసుకుంటాం, షుగర్ దిగదు, అమ్మ వండిన అన్నాన్ని తిట్టుకుంటాం. నీళ్లలో నానబెడితే చల్లగా ఉండే పౌచ్‌లు దొరుకుతున్నాయి. రంజన్‌లో నీళ్లు చల్లబడే పద్ధతే, తడి ఆరుతుంటే చలువ. అది పనిచెయ్యాలంటే గాలి తగలాలి కాబట్టి బట్టల మధ్య కుక్కకూడదు. నేను వెనక సంచికి సైలెన్సర్ లేని వైపు జేబులో పెట్టి, నీడ పడేలా పైన తువాలు కప్పుతాను. చలికాలం అసలీ బెంగే లేదు. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర రోజుల్లో ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు పొద్దున పూట వేళ్లు కొంకర్లు పోతాయి. అప్పుడు బెంగ మీటరు గురించి. చలికి గ్లూకోమీటర్ ఎర్రర్ చూపిస్తుంది, కాసేపు చంకలో పెట్టుకుని తీస్తే దారికొస్తుంది.

నా సంచిలో ఇప్పుడుండేవి.. పై జేబులో గ్లూకోజ్, చిన్న జ్యూస్ ప్యాకెట్టు. లోపల మీటరు, హెల్మెట్ అద్దం తుడిచే గుడ్డ, నీళ్ల సీసా, పవర్ బ్యాంకు. అన్నీ కలిపినా సగం ఖాళీనే. ఉట్నూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు అక్క ఆ ఖాళీని వదలదు. "గింత చిన్న సంచా, ఏం పడుతదిరా ఇండ్ల" అంటూనే జొన్నరొట్టెల కట్ట, ఎల్లిపాయ కారం డబ్బా దూరుస్తుంది. పై జేబు మాత్రం ముట్టుకోదు. ఆ జేబు ఎందుకో బావకి చూపించి, జిప్పు లాగడం నేర్పించి పెట్టాను. మియాపూర్‌లో మా ఆవిడకి, సెక్యూరిటీ గార్డుకి కూడా.