స్వరాజ్ ద్వీపం: ఆటు వేళ ఐరాల పిల్లలు

పటం తెరిచి మా చిత్తూరు జిల్లా ఐరాల నుంచి నేరుగా తూర్పుకి గీత గీస్తే, అది పులికాట్ సరస్సు దగ్గర తీరం దాటి, బంగాళాఖాతం మీదుగా ఉత్తర అండమాన్‌లో తేలుతుంది. అక్కడి నుంచి కొంచెం దక్షిణానికి దిగితే స్వరాజ్ ద్వీపం. మొన్నటిదాకా దాన్ని హావ్‌లాక్ అనేవాళ్లు. మనకూ దానికీ ఎండ ఒకటే, ఉక్కపోత ఒకటే. తేడా అంతా నీళ్లలోనే. అక్కడ ఏడాదికి 3000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. మా పిల్లలకు నీళ్లంటే మోటారు కింద తొట్టి, వానలు బాగా పడిన ఏడు చెరువు. కాణిపాకం పక్కన బాహుదా ఏటిలో వాళ్లు ఎక్కువసార్లు చూసింది ఇసుకే. అలాంటి పిల్లల్ని ఇద్దరిని వెంటబెట్టుకుని, సంచిలో నిప్పట్లు, మురుకులు సర్దుకుని ఈ ద్వీపానికి వెళ్లాను.

చరిత్ర కొద్దిలోనే చెప్పుకోవచ్చు. 1857 తిరుగుబాటును అణచిన సేనానుల్లో ఒకడైన హెన్రీ హావ్‌లాక్ పేరు ఈ ద్వీపానికి పెట్టారు. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు. సరిగ్గా 75 ఏళ్లకు, 2018లో అదే రోజున, హావ్‌లాక్ స్వరాజ్ ద్వీపం అయింది. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024లో శ్రీ విజయపురం అయింది. ద్వీపంలో ఊళ్లు కట్టుకున్నది మాత్రం 1950ల్లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలు. గోవింద్ నగర్, రాధా నగర్, శ్యామ్ నగర్, కృష్ణ నగర్ అని చాలా ఊళ్లకు రాధాకృష్ణుల పేర్లే పెట్టుకున్నారు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్లు కొత్త నేలకు దేవుడి పేరు పెట్టుకోవడం నన్ను కదిలించింది.

ఈ ద్వీపంలో పేరున్న తీరం రాధానగర్. 2004లో టైమ్ పత్రిక దాన్ని ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసింది. 2020లో మన రుషికొండతో పాటే దానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. తెల్లని మెత్తని ఇసుక, వెనక గుబురుగా ఎత్తైన చెట్లు, ముందు పడమటి సముద్రం. అందరూ అక్కడికే పోతారు, పోవాల్సిందే కూడా. అయితే నేను చెప్పాలనుకున్నది దాని గురించి కాదు. మేము దిగిన రిసార్ట్ తూర్పు వైపు, విజయనగర్ తీరంలో ఉంది. అక్కడ మొదటి పొద్దున ఆరు గంటలకు జరిగింది చెప్పాలి.

అంతకు ముందు రాత్రి మేము పడుకునేసరికి నీళ్లు చెట్ల మొదళ్ల దగ్గరే ఉన్నాయి. తెల్లారి తలుపు తీసి చూస్తే సముద్రం లేదు. రెండు క్రికెట్ మైదానాలంత మేర తడి ఇసుక, నల్లటి రాళ్లు, మధ్య మధ్య నీటి గుంటలు. పెద్దోడు గడప దగ్గరే నిలబడిపోయి, "సముద్రం యాడికి పోయింది నాయనా?" అన్నాడు. డబ్బు పెట్టి సముద్రం కోసం వచ్చినవాణ్ని కదా, నాకూ మొదట ఉసూరుమనిపించింది.

అప్పుడు పడవ దగ్గర తాడు చుట్టుకుంటున్న ఒకాయన మా మాట విని తెలుగులోనే పలకరించాడు. వాళ్ల పెద్దవాళ్లది శ్రీకాకుళం వైపు. ఆయన విడమరిచి చెప్పాడు. ఇక్కడ రోజుకు రెండు ఆట్లు, రెండు పోట్లు. ప్రతిరోజూ వేళ ముక్కాలు గంటకు పైగా ఆలస్యమవుతుంది. పున్నమికి, అమావాస్యకు ఆ రెండు మూడు రోజులూ నీళ్లు బాగా లోపలికి పోతాయి, అంతే బలంగా తిరిగి వస్తాయి. మేము వెళ్లింది పున్నమి దాటిన మూడో రోజు. "పిల్లల్ని ఇప్పుడే దింపండి బాబూ, గంటన్నర టైముంది. నేను పిలిచినప్పుడు మాత్రం మారు మాట్లాడకుండా పైకొచ్చేయండి" అన్నాడు.

చెప్పులు వేయించి దింపాను. పగడపు రాళ్లు కాళ్లు కోస్తాయి, ఇది మరిచిపోకూడదు. మొదట కంటబడింది ముగ్గు. నిజంగా ముగ్గే. ఇసుకలో చిన్న బొక్క, దాని చుట్టూ ఆవగింజ కంటే కాస్త పెద్ద ఇసుక ఉండలు, గీతలు గీతలుగా అన్ని దిక్కులకూ పేర్చి ఉన్నాయి. అలాంటి ముగ్గులు వందలు. వంగి కదలకుండా కూర్చుంటే పెట్టినవాళ్లు బయటకొచ్చారు. గోరంత ఎండ్రకాయలు. ఇసుకను నోటికి అందించుకుని, అందులోని తిండి జల్లెడ పట్టుకుని, మిగిలినదాన్ని ఉండ చేసి పక్కన పెడుతున్నాయి. పోటు వచ్చి అంతా తుడిచేస్తుంది. ఆటు వేళకు మళ్లీ మొదటి నుంచి పెడతాయి. మా చిన్నది వాళ్లవ్వ వాకిట్లో ముగ్గు పెడుతుంటే చూసేటంత శ్రద్ధగా చూసింది.

తర్వాత గవ్వలు. టోపీ నిండా ఏరి ఒడిలో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి టోపీలో గరగరమని చప్పుడు. ఒక గవ్వకు కాళ్లు వచ్చాయి, తర్వాత ఇంకొకదానికి. చచ్చిన నత్తల గవ్వల్లో కాపురముండే ఎండ్రకాయలు అవి. వాటి వెనక భాగానికి గట్టి పెంకు ఉండదు, మెత్తగా మెలిదిరిగి ఉంటుంది. ఒళ్లు పెరిగే కొద్దీ పెద్ద గవ్వ వెతుక్కుని మారాలి. అంటే మనం ఏరుకొచ్చే ప్రతి ఖాళీ గవ్వా దేనికో ఒకదానికి రాబోయే ఇల్లు. ఆ మాట చెప్పగానే చిన్నది లేచి, ఏరిన గుంట దగ్గరికే వెళ్లి ఒక్కొక్కటీ దించింది. పగడపు ముక్కలైతే ముట్టుకోవడమే తప్పు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని ఏరుకుని తెచ్చుకోవడం నేరం, విమానాశ్రయం తనిఖీలో తీసేసుకుంటారు కూడా.

గుంటల్లో నీలం రంగు చేపపిల్లలు, నల్లగా జానెడు పొడవున కదలకుండా పడుకున్న సముద్రదోసకాయలు. ఒక్కో గుంట దగ్గర పావుగంట. అంతలో పైనుంచి పిలుపు వచ్చింది. మేము గట్టు చేరిన కాసేపటికే మా అడుగుల జాడల్లోకి నీళ్లు వచ్చాయి. ఆ పొద్దు పిల్లల ముఖాల్లో చూసిన సంతోషం నేను ఏ ఈతకొలను దగ్గరా చూడలేదు.

ఏనుగుల మాట కూడా చెప్పాలి. మా జిల్లా పిల్లలకు ఏనుగంటే కౌండిన్య అడవి నుంచి పొలాల మీదికొచ్చేది, రాత్రిపూట టపాకాయలు కాల్చి తరిమేది. ఇక్కడ ఎలిఫెంట్ బీచ్ అనే తీరం ఉంది. ఒకప్పుడు కలప దుంగలు లాగడానికి ఏనుగుల్ని తెచ్చారు, అవి సముద్రంలో ఈదేవి. 2002లో సుప్రీంకోర్టు తీర్పుతో ఇక్కడ కలప నరకడానికి అడ్డుకట్ట పడింది. ఈదే ఏనుగుల్లో చివరిదిగా పేరుపడ్డ రాజన్ 2016లో కన్నుమూసింది. ఇప్పుడక్కడ ఏనుగులు లేవు, పగడపు దిబ్బలు చూసే ఈత ఉంది.

రాధానగర్‌లో సాయంత్రం పిల్లలకు స్నానాలు చేయించాం. సూర్యుడు తొందరగా దిగిపోతాడు. ఐరాలకూ ఇక్కడికీ దాదాపు 14 డిగ్రీల రేఖాంశం తేడా, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున గంటకు కాస్త తక్కువ. గడియారం మాత్రం ఒకటే. చలికాలంలో అయిదింటికల్లా పొద్దు గుంకుతుంది. కాపలావాళ్లు ఈల వేస్తే వెంటనే బయటికి రావాలి. ఉప్పునీటి మొసళ్లున్న ద్వీపాలివి. 2010లో ఇదే తీరం పక్కన ఒక అమెరికా పర్యాటకురాలిని మొసలి చంపింది. కొసనున్న మడుగు వైపు, రాళ్ల వైపు పిల్లల్ని పోనివ్వకండి.

భోజనం బెంగాలీ పద్ధతిలో అన్నం, చేపల పులుసు. కారం మనకు చాలదు, ఊరగాయ వెంట ఉంచుకోండి. తెలుగు మాట కావాలంటే పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ వైపు వెళ్లండి, చెవుల నిండా వినిపిస్తుంది. 2011 లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో నూటికి 13 మంది తెలుగువాళ్లు.

చెన్నై నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు. పోర్ట్ బ్లెయిర్ నుంచి పడవలో గంటన్నర నుంచి రెండున్నర గంటలు. వానాకాలం వద్దు, జనవరి నుంచి ఏప్రిల్ మంచిది. రిసార్ట్‌లో దిగిన సాయంత్రమే మర్నాటి ఆటు వేళ అడిగి రాసిపెట్టుకోండి. ఆ వేళ టిఫిన్ వేళకు అడ్డొస్తే టిఫిన్ మానేయండి, పిల్లల్ని మాత్రం దింపండి.