బెల్తరా త్రోవలో ఒక ఇంజను పునర్నిర్మాణము

బిలాస్‌పూరునుండి రతన్‌పూరు మీదుగా ఉత్తరమునకు సాగు రాజమార్గముపై బెల్తరా కలదు. కోర్బా గనుల బొగ్గు నెత్తుకొని అహోరాత్రములు పోవు లారీల కాధారముగా ఆ త్రోవ ప్రక్కల రేకులకప్పుల మరమ్మతు షెడ్లు వెలసినవి. వానిలో నొకదానియందు, విప్పదీసిన ఇంజనుకు కనెక్టింగు రాడ్డు బేరింగులు బిగించు పనిని ఆద్యంతము చూచు భాగ్యము నాకు లభించెను.

ఆ షెడ్డు పెద్దమేస్త్రి తెలుగువాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే 1891లో నాగపూరు–అసన్‌సోల్ మార్గమును పూర్తిచేసిన పిమ్మట బిలాస్‌పూరు గొప్ప జంక్షనుగా వృద్ధిచెందగా, ఉత్తరాంధ్రమునుండి రైల్వే కొలువులకై తరలివచ్చిన కుటుంబములు పెక్కు లిచటనే స్థిరపడినవి. మేస్త్రి తాతగారు లోకోషెడ్డులో ఆవిరి ఇంజను రాడ్ల బేరింగులకు తెల్లలోహము కరగించి పోసెడివారట. 1839లో అమెరికా దేశస్థుడు ఐజాక్ బాబిట్ రూపొందించిన ఆ లోహము తగరము, ఆంటిమొనీ, రాగి కలిసిన మెత్తని మిశ్రమము; దానిని పోసి చల్లార్చి, నీలిరంగు పూసిన క్రాంకు పిన్నుపై నానించి త్రిప్పి, రంగంటిన ఉబ్బులను మాత్రమే స్క్రేపరుతో గీకి, మరల నానించి, మరల గీకి, రంగు సర్వత్ర సమముగా సోకువరకు ఆ శ్రమను సాగించుటయే నాటి పనివాని ప్రజ్ఞ.

నేను చూచినది టాటా 697 ఇంజను: ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, 128 మిల్లీమీటర్ల స్ట్రోకు. ఆయిలు తగ్గినను గమనింపక నడిపినందున బేరింగులలో పైముక్కల మీది తగరపు పొర అరిగి, లోపలి రాగిరంగు బయటపడియుండెను. నిమిషమునకు 2000 చుట్లు తిరుగు నాలుగు స్ట్రోకుల డీజిలు ఇంజనులో ఒక్కొక్క సిలిండరున 1000 పర్యాయములు ఇంధనము మండును. ఆ తాకిడి రాడ్డులోని పైముక్కపైననే పడును గనుక ముందుగా నలుగునది అదియే. క్రింద పడుకొని, ఆయిలు సంపు విప్పి, బేరింగులు మాత్రము మార్చి పంపుమని డ్రైవరు ప్రాధేయపడెను. మేస్త్రి ఒప్పుకొనక, మైక్రోమీటరుతో పిన్నును ఒకమారు నిలువునను, ఒకమారు అడ్డముగను కొలిచి, రెండు కొలతలకు గల వ్యత్యాసమును అతనికే చూపిరి. గుండ్రదనము చెడిన పిన్నుపై క్రొత్త బేరింగు నిలువదు. క్రాంకు షాఫ్టు గ్రైండింగునకు బిలాస్‌పూరు పోయి, పావు మిల్లీమీటరు సన్నబడి తిరిగివచ్చినది. దానికి తగిన అండర్‌సైజు బేరింగులు తెప్పింపబడినవి.

బిగింపు నాడు నన్ను మిక్కిలి ఆకర్షించినది ఆయన శుచిత్వము. రాడ్డు గుంటను, బేరింగు వీపును గుడ్డతో తుడిచి పొడిగా నుంచిరి. ఆ రెంటినడుమ ఆయిలుచుక్క గాని ధూళికణము గాని మిగులరాదు. అర్ధవలయాకృతిగల ప్రతి ముక్కయు సగము వృత్తమునకంటె లేశమాత్రము పెద్దదిగా చేయబడియుండును. రాడ్డు అడుగుమూతయగు క్యాపు బిగియగా ఆ అధికభాగమే లోనికి నొక్కుకొని బేరింగును రాడ్డునకు గట్టిగా హత్తించును, వేడిని ఇనుమునకు చేరవేయును. అంచున గల నాలుక దానిని సరియైన తావున కూర్చుండబెట్టుటకే గాని పట్టి నిలుపుటకు కాదు. ఈ మర్మ మెరుగని వారు వదులుగా నున్నదని క్యాపు నంచులు అరుగదీయుదురు.

“మా తాత గీకీవోడు బాబూ,” అని మేస్త్రి నాతో అనిరి. “ఈ బేరింగుకి గీకుడు లేదు. క్యాపుకి ఆకురాయి పెడితే ఆ రాడ్డు పారేయాల్సిందే.”

తాతగారి హస్తకౌశలమునకంటె మనుమని ఈ నిగ్రహము తక్కువదని నేను భావింపజాలను. చేయి చొరవ చూపదగని చోట దానిని ఆపుకొని, కొలతకు తలవంచుటయు విద్యయే గదా!

పిన్నునకును బేరింగునకును నడుమ ఆయిలునకై విడువవలసిన సందు, స్థూలముగా, వ్యాసములో వేయింట ఒక వంతు. అనగా 60 మిల్లీమీటర్ల పిన్నుకు మానవకేశపు మందము. దానిని తెలిసికొనుటకై ప్లాస్టిగేజి యను మెత్తని దారపుతునకను పొడి పిన్నుపై నుంచి, టార్కు రెంచితో క్యాపు బిగించి, షాఫ్టును కదల్పక మరల విప్పిరి. దారము నలిగి ఎంత వెడల్పైన, సందు అంత యిరుకన్నమాట. కొలత సరిపోయిన పిమ్మట దానిని తుడిచివేసి, ఆయిలు దట్టముగా పూసి, రాడ్డు మీది సంఖ్యయు క్యాపు మీది సంఖ్యయు ఒక్కటే యగునట్లు, ఒకే ప్రక్కకు వచ్చునట్లు చూచి బిగించిరి. ఒకటవ, ఆరవ పిన్నులు ఈ ఇంజనులో జంటగా క్రిందికి వచ్చును. పిదప రెండు, అయిదు. తరువాత మూడు, నాలుగు. ఒక్కొక్క రాడ్డు ముగియగానే షాఫ్టును చేతితో త్రిప్పి చూచుచుండిరి. నాలుగవదానికి కొంచెము బరువనిపింపగా, మారుమాటలేక విప్పి, ముక్క వెనుక చిక్కుకొన్న నూలుపోగును తీసి మరల కూర్చిరి.

ఇంజను చట్రమున కెక్కినపిదప లారీ యజమాని వెంటనే స్టార్టు చేయుమని తొందరించెను. మేస్త్రి ఇంధనమును కట్టివేసి, స్టార్టరుతో ఇంజనును విడతలు విడతలుగా త్రిప్పించుచు, ప్రెషరుగేజి ముల్లు లేచువరకు వేచియుండి, ఆయిలు బేరింగులకు చేరినదని రూఢియైన తరువాతనే డీజిలు విడిచిరి.