అరసున్న పెట్టిన చెయ్యి

మా తాతయ్య ఉత్తరం రాస్తుంటే పక్కన కూర్చుని చూసేవాణ్ణి. ఇన్‌లాండ్ కవరు మోకాలి మీది అట్టపై పరుచుకుని "తోఁట కాపు బాగున్నది" అని రాసేవాడు. ‘తో’ దగ్గర కలం ఒక్క క్షణం ఆగేది. ఆ అరసున్న పడ్డాకే ‘ట’ మీదికి వెళ్ళేది. నోటితో మాత్రం అందరిలాగే ‘తోట’ అనేవాడు. మా బాబాయి ఉత్తరాలు అచ్చం మాట్లాడినట్టుండేవి. "పలకని దాన్ని రాయడం ఎందుకు నాన్నగారూ?" అని అడిగాడొకసారి. "ఒకప్పుడు అక్కడ నిండు సున్న పలికేవారురా. మన నోట్లోంచి పోయింది. కాగితం మీదైనా ఉండనీ" అన్నాడు తాతయ్య.

ఉదారవాది, సంప్రదాయవాది అంటే నాకు పార్టీలు గుర్తురావు. ఆ రెండు చేతిరాతలే గుర్తొస్తాయి.

1910ల్లో తెలుగునాట ఇదే తగువు పెద్దయెత్తున నడిచింది. వ్యావహారికం వైపు గిడుగు రామమూర్తి, గ్రాంథికం వైపు జయంతి రామయ్య. గిడుగు పర్లాకిమిడిలో పంతులు. సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు, సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పించాడు. బడి గుమ్మం బయట ఎవరు నిలబడిపోయారా అని వెతికే కళ్ళు ఆయనవి. డిప్యూటీ కలెక్టరు జయంతి రామయ్య చూపు పెట్టెలో ఏది చెదలు పడుతోందా అన్నదాని మీద. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టి, తాటాకు గ్రంథాలు పోగుచేయించి, సూర్యరాయాంధ్ర నిఘంటువుకి పూనుకున్న మనిషి. ఏ జిల్లావాళ్ళు ఆ జిల్లా మాటలో రాసుకుంటూ పోతే రేపు మనవడికి నన్నయ అందడన్నది ఆయన దిగులు. పిల్లవాడికి ఈరోజే పుస్తకం అందడం లేదన్నది గిడుగు దిగులు.

ఇద్దరూ రాళ్ళ ముందు కూర్చున్నవాళ్ళే. గిడుగు ముఖలింగం గుడి శాసనాలు సొంతంగా చదవడం నేర్చుకున్నాడు. జయంతి రామయ్య బెజవాడ యుద్ధమల్లుడి శాసనాన్ని పరిష్కరించి ప్రకటించాడు. పాత రాతి మీది అక్షరాల్లో ఒకరికి భాష మారుతూ వచ్చిన దారి కనిపించింది, ఇంకొకరికి చెరగకుండా నిలిచిన సొత్తు కనిపించింది.

నా మనసు గిడుగు పక్షమే. ఈ వ్యాసం ఈ తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆయన చలవ. అయినా ఆయన తన వాదానికి సాక్ష్యాలు ఎక్కడినుంచి తెచ్చాడో తలచుకుంటే నా గొంతు తగ్గుతుంది. పాత వచన గ్రంథాల్లోంచి తెచ్చాడు. 1933లో అచ్చయిన ‘గద్య చింతామణి’ నిండా అవే. పూర్వులు వాడుక మాటల్లో రాశారని రుజువు చెయ్యాలంటే ఆ రాతల్ని తరాల తరబడి ఎవరో పారెయ్యకుండా దాచి ఉండాలి. దాచేవాళ్ళని మనసులేని వాళ్ళనీ, తలుపు తీసేవాళ్ళని మూలం మరిచినవాళ్ళనీ అంటుంటే నాకు బాధగా ఉంటుంది. ఏది పోతుందోనన్న భయంలో తేడా తప్ప, ప్రేమలో తక్కువేమీ లేదు వాళ్ళకి.

తాతయ్య పోయాక ఆయన ఉత్తరాలన్నీ నా దగ్గరికొచ్చాయి. బంధువులకి, స్నేహితులకి రాసినవాటిలో ఎక్కడా ఒక్క అరసున్న తప్పిపోలేదు. నాయనమ్మకి చదువు అంతంతమాత్రం, కూడబలుక్కుని చదివేది. ఆవిడకి కాశీ నుంచి రాసిన కార్డు ఒకటుంది. "ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. నువ్వు జాగ్రత్త. తోటకి నీళ్ళు పెట్టించు."

ఆ తోటలో అరసున్న లేదు.