ఎలమంచిలి స్టేషన్లో ఫైనల్ టేబుల్

బెంగళూరు నుంచి వచ్చి రైలు దిగేసరికి ఎలమంచిలిలో ఇంకా తెల్లారలేదు. నాన్న బండి మీద వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో పోకర్ చూస్తున్నా. 2023 జూలై, లాస్‌ వేగాస్ వరల్డ్ సిరీస్. 10,043 ఎంట్రీల్లో ఫైనల్ టేబుల్‌కి మిగిలింది తొమ్మిది మందే. గెలిచినోడికి 1.21 కోట్ల డాలర్లు!

"ఏట్రా అది?" నాన్న, వెనకాల నుంచి.

"పేకాటలాంటిదే నాన్నా. కూర్చోడానికే పదివేల డాలర్లు."

"మన తోటల్లో సంక్రాంతికి ఆడితే పోలీసులొస్తారు" అని నవ్వాడు.

ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను ఏపీ 2020లోనే నిషేధించింది. నేనాడింది బెంగళూరు రూమ్‌లో. రెండు నెలల జీతం పోయింది. ఇంట్లో తెలీదు (అనుకున్నా).

హైవే పక్కన టీకొట్టు దగ్గర బండి ఆపాడు. గ్లాసు చేతికిస్తూ, "నువ్వెంత పోగొట్టావు?" అన్నాడు.

చెప్పేశాను.