అన్నకబళపు కాశీయాత్ర

కాశికిని రామేశ్వరమునకును బోయి వచ్చినవారు తమ యాత్రలను వ్రాయగా మన మెల్లరము చదివి యానందించుచున్నాము. మేము బడిపంతులుగారి యింటివారము. వేసవి సెలవులలో పుట్టినింటికి బోవుటయే మాకు దేశాటనము. అయినను నేడు మిమ్మొక యాత్రకు గొనిపోదలచితిమి. దీనికి రైలుకూలి యక్కఱలేదు. దారి మొత్తము 30 అడుగులకు మించదు. ఇది మన యిండ్లలో ప్రతిదినము రెండుపూటలు జరుగునదే. యాత్రికుడు అన్నపుముద్ద, బయలుదేరు తావు విస్తరి.

మొదటి మజిలీ నోరు. ఇచ్చట 32 మంది దంపుడువారు తెల్లని దుస్తులతో వరుసలు దీరి యుందురు. దినమునకు సుమారొక లీటరు, ఒక్కొక్కప్పు డంతకు మించియు, లాలాజలము ఊరుచుండును. దాని పని నోరు తడుపుట మాత్రమే యని మేము చాలకాలము తలచితిమి. మీరొక పరీక్ష చేయుడు. కూర, పచ్చడి, ఉప్పు ఏదియు గలుపక వట్టి యన్నమును నోట వేసికొని, మ్రింగక నిదానముగా నమలుచుండుడు. కొంతసేపటికి తీపి తోచును. అన్నమందలి పిండిని లాలాజలము చక్కెరగా మార్చుటకు మొదలిడినదన్నమాట. ముప్పదియైదేండ్లు దినదినము అన్నము తినుచుండియు, నిరుటివఱకు మే మీ రుచి నెఱుగము. ఏల యెఱుగమో తరువాత జెప్పెదము.

నోరు దాటిన వెనుక దారి రెండుగా జీలును: ఒకటి గాలికి, ఒకటి అన్నమునకు. మ్రింగునప్పుడు గాలిదారిపై నొక చిన్న మూత వాలును. మాటలలో బడి మ్రింగితిమా, మూత తడబడును, పొలమాఱును. ఎవరో తలచుకొనుచున్నారని పెద్దలందురు గాని, తలచుకొన్నది మన యూపిరిగొట్టమే. అన్నవాహిక పొడవు సుమారు 10 అంగుళములు. ముద్ద దానిలో బావిలో రాయివలె బడదు. కండరము లలలవలె ముడుచుకొనుచు దానిని నెట్టుకొనిపోవును. కావుననే తలక్రిందుగా దపస్సు చేయు మునికైనను మ్రింగుడు పడును.

మూడవ మజిలీ జఠరము. భగవానుడు తాను వైశ్వానరుడై ప్రాణుల దేహములందు నాలుగువిధములైన యన్నమును పచనము చేయుదునని గీతలో సెలవిచ్చెను గదా! ఆ యగ్నికి మంటయు లేదు, పొగయు లేదు. అది హైడ్రోక్లోరికామ్లము. మఱి పొయ్యి కాలిపోదా యందురేమో. లోపలిగోడకు జిగురుపూత గలదు. ఆ గోడయు గొలదిదినముల కొకసారి క్రొత్తదగుచుండును. మనము సంక్రాంతికి మాత్రమే వెల్ల వేయుదుము.

ఈ మజిలీని కన్నులార జూచినవా రొకరు గలరు. అమెరికాలో మిచిగాన్ సీమయందు మాకినా యను దీవి గలదు. 1822వ సంవత్సరము జూన్ 6వ తేదీన అచ్చట అలెక్సి సాన్ మార్టిన్ అను పడవకూలివాని కడుపున బొరబాటున తుపాకి పేలినది. కోటలోని వైద్యుడు విలియం బోమాంట్ వానిని బ్రదికించెను గాని, గాయము మానియు కడుపునకొక కన్నము నిలిచిపోయెను. 1825లో వైద్యుడు పట్టుదారమునకు రొట్టెముక్క, కోసుకూర, మాంసము గట్టి యా కన్నమున వ్రేలాడవిడిచి, గంట గంటకు లాగి చూచెను. మన యేనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి మజిలీ మజిలీకి దినచర్య వ్రాసికొనుచున్న నాళ్లలోనే, ఈ దొరగారును తన దినచర్య వ్రాసికొనుచుండెను. ఉడికించిన యన్నము ఒక గంటలో గరగెనట. కొవ్వుతోడి పందిమాంసమునకు 5 గంటలు దాటెనట. పండుగనాడు నేతిబూరెలు తిన్నవారికి రాత్రి యాకలి యేల వేయదో దీనివలన దెలియుచున్నది.

సాన్ మార్టిన్‌కు కోపము వచ్చినప్పుడు జీర్ణము మందగించుటయు నాయన కనిపెట్టెను. కోపము రాదా మఱి! యాత్రాస్థలముగా నుండుట యెవరికి నచ్చును? ఆతడు పలుమార్లు వైద్యుని విడిచి వెడలిపోయెను. 1880లో మరణించినప్పుడు వైద్యులు దేహము నెత్తుకొనిపోకుండుటకై బంధువులు లోతైన గోతిలో బూడ్చిరి.

తరువాత చిన్నప్రేవు. దాని మొదటిభాగము పండ్రెండువ్రేళ్ల పొడవని తలచి పాశ్చాత్యులు దానికా సంఖ్యనే పేరు పెట్టిరి. ఇచ్చట కాలేయమునుండి పిత్తరసము దిగి, తలంటునాడు కుంకుడురసము నూనెను విఱచునట్లు నేతిని విఱచును. గోడలు మకమలువలె సన్నని నూగుతో నుండును; ఆ నూగే సారమును బీల్చి నెత్తురను గంగలో గలుపును. పెద్దప్రేవున నీరింకును, కోట్లకొలది సూక్ష్మజీవులు అచ్చటి సత్రమున గాపురముండును. తుదిమజిలీని వర్ణింపవలదని మావారు ఆజ్ఞాపించిరి.

ఇంత దారిలో మన యధికారము సాగునది నోటియందు మాత్రమే. మ్రింగిన పిదప నెవ్వరును మన మాట వినరు. ఆ యొక్క మజిలీనైనను మేము నిలువక దాటితిమి. నిరుడు రాత్రులందు ఱొమ్ములో మంటలెత్తి నిద్రపట్టదయ్యెను. వైద్యుడు మమ్ము "ఎన్నిగంటలకు భోజనము చేయుదురు?" అని యడిగెను. మేము నోరు విప్పకమునుపే మావారు "పండ్రెండింటికి" అనిరి. అది వారి భోజనవేళ. బడిలోని ప్రతి తరగతికి నేగంట కే పాఠమో యెఱిగినవారు, మా వేళ నెఱుగరు. వైద్యుడు మఱల మమ్మే యడిగెను. పగలు మూడు, రాత్రి పదిన్నర, తిన్నవెంటనే నడుము వాల్చుటయని చెప్పితిమి. తినగనే పరుండినచో జఠరరసము అన్నవాహికలోనికి ఎగదట్టునని యాయన వివరించెను. దారిలో మావారు మాటలాడలేదు.

మఱుసటి యాదివారము వారు గడియారము చేతబట్టి వంటయింటి గుమ్మమున గూర్చుండిరి. మా భోజనము 3 గంటల 10 నిమిషములకు మొదలై 14 నిమిషములకు ముగిసెను. లోపల రెండుమార్లు లేచితిమి. నాడు వారేమియు ననలేదు. మఱునాడు పండ్రెండింటికి తమ విస్తరి ప్రక్కన రెండవ విస్తరి తామే వేసిరి. అత్తగారు చూచి మొగము ద్రిప్పుకొనిరి. నలువదియేండ్లు ఆమెయు మూడింటికే తిన్నవారు. మూడవదినమున ఆమె తన పీటను తెచ్చి మా ప్రక్కన వాల్చుకొని, "ఆ వట్టి యన్నము తీపియగునంటివే, చూతము" అనిరి.