చచ్చానని చెప్పాల్సింది చచ్చినవాడే

అమెరికాలో ఏదో ఒక ఊరు, సెలవు పూట పార్కు. ఒక పక్క పిల్లలు ఉయ్యాల ఊగుతుంటారు. ఇంకో పక్క ఇనప శిరస్త్రాణాలు తగిలించుకున్న ఇద్దరు పెద్దమనుషులు బెత్తం కర్రలతో టపటపా బాదుకుంటుంటారు. అంగుళంపావు లావున్న ఆ కర్రలకు పైనుంచి కిందిదాకా టేపు చుట్టి ఉంటుంది. అవి కత్తులని ఒప్పుకుంటేనే ఆట.

ఇది ‘సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రానిజం’ స్థానిక శాఖ సాధన. పేరు నోరు తిరగనిదే కానీ పుట్టింది పెరట్లో. 1966 మే 1న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, మధ్యయుగాల గురించి చదువుకుంటున్న డయానా పాక్సన్ ఇంటి పెరట్లో స్నేహితులంతా చేరి కత్తిసాము పోటీ పెట్టుకున్నారు. కవచాలు ఎక్కడ దొరుకుతాయి? మోటార్‌సైకిల్ హెల్మెట్లు, ఫెన్సింగ్ ముసుగులు, ప్లైవుడ్ కత్తులతోనే సరిపెట్టుకున్నారు. ఆట ముగిశాక ‘గ్రీన్‌స్లీవ్స్’ పాడుకుంటూ టెలిగ్రాఫ్ అవెన్యూ మీద ఊరేగింపు తీశారు. దేనికయ్యా అంటే, ఇరవయ్యో శతాబ్దానికి నిరసనగానట! మరో పోటీకి పార్కు అడగబోతే సంఘం పేరేమిటన్న ప్రశ్న వచ్చింది. అప్పుడు రచయిత్రి మారియన్ జిమ్మర్ బ్రాడ్లీ సూచించిన పేరే ఇది.

ఆ పెరడు ఇప్పుడు 20 ‘రాజ్యాలు’ అయింది. రాజరికం వారసత్వంగా రాదు, ఓట్లతోనూ రాదు. పోటీలో అందర్నీ పడగొట్టినవాడికే కిరీటం. అతను ఎవరి పేరు చెప్పుకుని బరిలోకి దిగాడో ఆ తోడుకు పక్క సింహాసనం. చాలాచోట్ల ఏలుబడి ఆర్నెల్లే.

కత్తి పట్టనివాళ్లకూ పని ఉంటుంది. పాత పుస్తకాలు చూసి వంటలు వండుతారు, నేత నేస్తారు, ఈకకలంతో అక్షరాలు దిద్దుతారు. వేడుకకు వచ్చేవాళ్లు 17వ శతాబ్దానికి ముందటి దుస్తులు వేసుకునే ‘ప్రయత్నం’ చేస్తే చాలు. ఆ ఒక్క మాట లేకపోతే సంఘంలో సగంమంది గుమ్మం దగ్గరే ఆగిపోయేవారేమో. బట్టలు లేని కొత్తవాళ్లకు అరువిచ్చే పెట్టె కూడా ఉంటుంది. ఒక్కటే చిక్కు: ఇక్కడ అడుగుపెట్టిన ప్రతివాడూ చిన్నపాటి కులీనుడి కిందే లెక్క. ఆ కాలంలో పొలం దున్నిన జనం ఏమైపోయారని అడిగేవాడు కనిపించడు.

అసలు రుచంతా దెబ్బ లెక్కలో ఉంది. బరి చుట్టూ పర్యవేక్షకులుంటారు కానీ, ఎవరు చచ్చారో వాళ్లు చెప్పరు. దెబ్బ తిన్నవాడే చెప్పాలి. అందరూ ఇనప కడియాల చొక్కా తొడుక్కున్నారని ముందే అనుకుంటారు కాబట్టి, దాన్ని చీల్చేంత గట్టిగా తగిలిందా లేదా అన్నది తగిలినవాడి ఒంటికే తెలియాలి. చెయ్యి పోతే ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుంటాడు. కాలు పోతే మోకాళ్ల మీద కూలబడి, మిగిలిన పోరు అలాగే పోరాడతాడు. తలకు గట్టిగా తగిలితే ఎవరూ చెప్పకుండానే దబ్బున పడిపోతాడు. ఎంత బాదినా పడనివాణ్ని వెనకాల ‘రైనో’ అంటారు. మన భాషలో ఖడ్గమృగం. కత్తి దెబ్బకు చలించనివాడికి అంతకన్నా అతికే పేరు దొరకదు.

1972లో మొదలై, ఇప్పుడు పెన్సిల్వేనియాలో స్లిప్పరీ రాక్ దగ్గర జరిగే ‘పెన్సిక్ యుద్ధం’ వీళ్ల పెద్ద తిరునాళ్ల. వేసవిలో రెండు వారాలు పదివేలకు పైగా జనం డేరాలు వేసుకుని కాపురం పెడతారు. అక్కడ కొన్ని పోరాటాల్లో చచ్చినవాళ్లు పక్కకు నడిచి వెళ్లి, నిర్ణయించిన చోటు ముట్టుకుని, ప్రాణం పోసుకుని మళ్లీ యుద్ధంలోకి దిగొచ్చు. మన పద్యనాటకాల్లోనూ చచ్చిపడిన పాత్ర ‘వన్స్‌మోర్’ వినగానే లేచి రాగం అందుకున్న కథలు చెప్పుకుంటారు. తేడా అల్లా, మనవాడు పడ్డచోటే లేస్తాడు. వీళ్లు మాత్రం ఎండలో శిరస్త్రాణం చంకన పెట్టుకుని, దారిలో నిలబడి మంచినీళ్లు తాగి మరీ వెళ్తారు.